కౌలు చేసేది నేను, లిస్టుల పేరు పట్టాదారుది: పంట నష్టం, రైతు భరోసా సంగతి తెలిసినోళ్లు చెప్పండి

చెల్క_పత్తి
2025 నవంబరు 3, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మాది వరంగల్ జిల్లా పర్వతగిరి మండలంల ఒక ఊరు. నా పేరు మీద ఎకరం ఎనిమిది గుంటల చెల్క ఉన్నది. దాన్ని ఆనుకొని ఉన్న ఇంకో మూడెకరాలు కౌలుకు చేస్తున్న. రెండిట్ల పత్తే పెట్టిన. నేను అడిగేది ఆ మూడెకరాల సంగతి.

మొన్న మొంథా తుపానుకు ఎంత వాన కొట్టిందో వరంగల్ దిక్కు ఉన్నోళ్లకు చెప్పే పని లేదు. మాకు రెండో ఏరుడుకు పత్తి పలిగి తెల్లగ నిలబడ్డది. బుధవారానికి కూలోళ్లను కూడా మాట్లాడుకున్న. మంగళవారం ముసురు పట్టింది, బుధవారం దంచుడే దంచుడు. వాన ఎలిసినంక పోయి చూస్తే పలిగిన పత్తి జడలు కట్టి చెట్ల మీద వేలాడుతున్నది, రాలింది బురదల కలిసింది. కింది కొమ్మల కాయలు పట్టుకొని ఒత్తితే నల్లటి నీళ్లు కారుతున్నయ్. ఒక కాయ ఒలిచి చూసిన, లోపల గింజకు మొలక వచ్చి ఉన్నది.

ఎకరానికి 10 వేలు ఇస్తమని 31 నాడు హనుమకొండకు వచ్చినప్పుడు ముఖ్యమంత్రి చెప్పిండు. శనివారం ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) మేడమ్ మా దిక్కు రాసుకోవడానికి వచ్చిండ్రు. పాపం, మోకాళ్ల దాకా బురదల నడిచే వచ్చిండ్రు. చేన్ల నన్ను నిలబెట్టి ఫొటో తీసిండ్రు, సర్వే నంబరు అడిగిండ్రు. నంబరు కొట్టంగనే ఫోన్ల పట్టాదారు పేరు వచ్చింది. "ఈయన ఎవరమ్మా" అని అడిగితే చెప్పిన, మేడమ్, ఆయన హనుమకొండల ఉంటడు, కౌలుకు చేసేది నేను అని. "కౌలు కాగితం ఉన్నదా, ఆయన సంతకం ఉన్నదా" అన్నరు. ఉగాదికి రాసుకున్న తెల్ల కాగితం ఇంట్లనే ఉన్నది గని అది కైకిలి లెక్కల నోటుబుక్కుల నుంచి చింపి రాసింది, నా సంతకం మాత్రమే ఉన్నది. కౌలు ముట్టజెప్తనని నేను రాసిచ్చింది అది. ఆయన నాకు రాసిచ్చింది ఏమీ లేదు. మేడమ్ జర ఆలోచించి, "రెండు మూడు రోజులల్ల ఆయనతోటి ఒక కాగితం తెచ్చుకోమ్మా, అప్పటిదాకా పక్కన పెడ్త" అని పోయిండ్రు.

పట్టాదారు సారు చెడ్డ మనిషి కాదు. రిటైరైన పంతులు. మా ఆయన 2022ల పోయినప్పుడు ఆ ఏడు కౌలు ముందుగల అడగలేదు, పంట అమ్మినంకనే ఇయ్యమన్నడు. ఆ మాట నేను మర్చిపోను. కాని ఫోన్ చేసి సంతకం అడిగితే, "నీ పేరు రాయించుకుంటే రేపు భూమి నీదంటవా ఏంది" అన్నడు. నవ్వుకుంటనే అన్నడు, కాని సంతకం సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఇంకోటి చాన్నాళ్ల నుంచి మనసుల ఉన్నది. ఎకరానికి 15 వేల లెక్కన మూడెకరాలకు 45 వేలు కౌలు ఉగాది నాడు కట్టిన. నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చి కట్టిన. జూన్‌ల మొదటి వానకు విత్తనం పెడితే తర్వాత ఎండ కొట్టి సగం మొలవలేదు, మళ్లీ పెట్టిన. 901 రూపాయల ప్యాకెట్లు మొత్తం పది. డీఏపీ ఆరు బస్తాలు, 1,350 లెక్కన. యూరియాకు ఆగస్టుల మూడు పొద్దులు లైన్ల నిలబడ్డ, అక్కడ గూడ పాసుబుక్కు జిరాక్సే అడిగిండ్రు. సరిగ్గ రెండోసారి విత్తనం పెడుతున్న పొద్దున్నే నా ఫోనుకు మెసేజ్ వచ్చింది, రైతు భరోసా (సర్కారు ఇచ్చే పెట్టుబడి సాయం) 7,200 పడ్డయని. అది నా ఎకరం ఎనిమిది గుంటలకు. నేను విత్తనం పెడుతున్న ఆ మూడెకరాలకు 18 వేలు సారు ఖాతల పడ్డయ్. అంతకుముందు యాసంగివి కూడ పడ్డయ్. అంటే ఏడాదికి ఆయనకు కౌలు 45, సర్కారుది 36. పంట మునిగితే మునిగేది నేను.

రైతు భరోసా కౌలుదారుకు రాదని నాకు ఎరుకే. నాకు పట్టా ఉన్నది కాబట్టి ఇందిరమ్మ ఆత్మీయ భరోసా కూడ రాదు, అది భూమి లేని కూలోళ్లకు. సరే. నేను అడిగేది ఇవి:

సర్వేల సాగు చేసే మనిషిగ నా పేరు రాస్తే సారు భూమికి నిజంగ ఏమన్న అయితదా? ఆయనకు ఏం చెప్తే భయం పోతది?

కౌలుదారుల పేరు మీద నష్టం పైసలు పడ్డోళ్లు ఎవరన్న ఉన్నరా, ఏం కాగితాలు ఇచ్చిండ్రు?

రైతు భరోసాల పట్టాదారు నుంచి ఎంతో కొంత ఇప్పించుకున్నోళ్లు ఉంటే, మాట ఎట్ల తీసిండ్రు? భూమి పోగొట్టుకునుడు నాతోటి కాదు. నా ఎకరం ఎనిమిది గుంటల మీద ఇద్దరు పిల్లల చదువు ఎల్లదు.

---

నర్సంపేట_మిర్చి
2025 నవంబరు 3, రాత్రి 10:25

అక్కా, నేను ఐదెకరాలు కౌలుకు చేస్త, గుంట భూమి లేదు. 2023 మార్చిల వడగండ్లు పడ్డప్పుడు మా దిక్కు మక్క, మిర్చి మొత్తం పాయె. అప్పటి ముఖ్యమంత్రి దుగ్గొండి మండలం అడవి రంగాపురం వచ్చి ఎకరానికి 10 వేలన్నడు, కౌలుదారులను కూడ చూస్తమన్నడు. ఆ మాట విని పట్టాదారును నమ్ముకొని కూసున్నోళ్లు మా ఊళ్లె చానమంది. "పడ్డంక ఇస్త తియ్యి" అన్నరు పట్టాదార్లు. పడ్డయ్. కొందరు ఇచ్చిండ్రు, కొందరు పాత కౌలు బాకీల పట్టుకున్నరు.

నేను మాత్రం సర్వేకు వచ్చిన పొద్దే ఎంబడి పడ్డ. తెల్ల కాగితం మీద పట్టాదారుతోటి నాలుగు లైన్లు రాయించిన: ఫలానా సర్వే నంబరుల ఇన్ని ఎకరాలు ఈ ఏడు ఫలానా ఆయన కౌలుకు చేస్తున్నడు, పంట నష్టం పైసలు ఆయన ఖాతల వేస్తే నాకు అభ్యంతరం లేదు. కింద సంతకం, ఇద్దరు సాక్షులు. దానికి ఇద్దరి ఆధార్ జిరాక్సులు, పాసుబుక్కు జిరాక్సు, నా బ్యాంకు పుస్తకం మొదటి పేజీ జత చేసి ఏఈఓ సారు చేతికి ఇచ్చిన. నాకైతే నా ఖాతలనే పడ్డయ్.

నువ్వు ఆలస్యం చెయ్యకు. మొదటి లిస్టు పోయినంక పేరు మార్పించుడు అంటే మండలం చుట్టు, జిల్లా చుట్టు తిరుగుడే. లిస్టు గ్రామపంచాయతీల పెడ్తరు, పెట్టినప్పుడు నీ కండ్లతోటి నువ్వు చూసుకో, ఫోన్ల ఫొటో తీసుకో. 33 శాతం కంటె ఎక్కువ నష్టం ఉంటేనే రాస్తరు, కాబట్టి మురిగిన కాయలను ఇంకా పీకి పారెయ్యకు, మళ్ల చూడ్డానికి వస్తే కనపడాలె. పేరు రాకుంటే సోమవారం కలెక్టరేట్ల ప్రజావాణి ఉంటది, అక్కడ రాసిచ్చి రసీదు తీసుకో.

ఇంకోటి, అమ్మేటప్పుడు గూడ ఇదే గోస ఉంటది. సీసీఐకి (మద్దతు ధరకు పత్తి కొనే సర్కారు సంస్థ) అమ్మాలంటే పాసుబుక్కు అడుగుతరు, ఈసారి యాప్‌ల స్లాటు వేరే. అదే కాగితంల "పత్తి అమ్ముకోవడానికి" అనే ముక్క కూడ రాయించుకో. ఈ ఏడు మద్దతు ధర క్వింటాలుకు 8,110 ఉన్నది గని తేమ 12 దాటితే వాళ్లు తీసుకోరు, బయట అగ్గువకు పోతది. తడిసిన దాన్ని పొడి దాన్ని కలపకు అక్కా, రెండు కుప్పలు పెట్టు.

---

పాత_పహాణి
2025 నవంబరు 4, ఉదయం 6:50

చెల్లీ, నేను వీఆర్‌ఓగా (గ్రామ రెవెన్యూ అధికారిగా) చేసినవాణ్ని. 2020లో ఆ వ్యవస్థ తీసేశాక వేరే శాఖకు పోయాను. మీ సారు భయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు. అది ఉత్త అనుమానం కాదు, దానికి చరిత్ర ఉంది.

మన తెలంగాణలో 1950 కౌలుదారి చట్టం కింద రక్షిత కౌలుదారులు ఉండేవాళ్లు. వాళ్లలో చాలామందికి తర్వాత ఆ చట్టంలోని 38-ఇ సెక్షన్ కింద, సాగు చేస్తున్న ఆ భూమి మీదనే యాజమాన్య హక్కులు వచ్చాయి. మీ సారు తండ్రి తరం వాళ్లు అది కళ్లారా చూశారు. అప్పటినుంచి పహాణీలో (ఊరి భూముల రికార్డులో) అనుభవదారు కాలమ్, అంటే సాగు చేసేవాళ్ల పేరు రాసే కాలమ్ అంటే పట్టాదారుకు గుండె దడ. ఏటా ఉగాది దాటగానే "నా భూమిలో ఇంకొకరి పేరు రాయకు" అని నా దగ్గరికి వచ్చేవాళ్లు. అందుకే చాలామంది రెండేళ్లకోసారి కౌలుదారును మారుస్తారు. ధరణి (ఆన్‌లైన్ భూ రికార్డులు) వచ్చాక ఆ కాలమే తీసేశారు. భయం మాత్రం పోలేదు.

ఇప్పుడు మీరు సారుకు చెప్పాల్సింది ఇది. భూమి ఎవరిదో చెప్పేది ధరణి స్థానంలో వచ్చిన భూభారతి రికార్డు, పట్టాదారు పాసుబుక్కు. పంట నష్టం జాబితా, ఏఈఓ చేసే పంట నమోదు వ్యవసాయ శాఖ లెక్కలు. ఈ సీజన్లో ఈ చెల్కలో ఏ పంట ఉంది, ఎవరు వేశారు అన్నంతవరకే వాటి పని. ఆ జాబితాలో పేరు ఉన్నదని ఏ తహసీల్దారూ పట్టా మార్చడు. ఇంకా నమ్మకపోతే 2011 నాటి భూ అధీకృత సాగుదారుల చట్టం గురించి చెప్పండి. కౌలుదారుకు ఏడాదికి రుణ అర్హత కార్డు ఇవ్వడానికి తెచ్చిన చట్టం అది. ఆ కార్డు వల్ల భూమి మీద ఏ హక్కూ రాదని ఆ చట్టంలోనే ఉంది. సర్కారే కార్డు ఇచ్చినా రాని హక్కు, తెల్ల కాగితం మీద సంతకంతో ఎట్లా వస్తుంది? ఆ కార్డులు మన ఊళ్లలో నాలుగు రోజులు ఇచ్చి ఆపేశారు. నా చేతుల మీదుగా కొన్ని పోయాయి. బ్యాంకులో వాటిని చూసి అప్పు ఇచ్చింది తక్కువే, అయినా కౌలుదారు చేతిలో తన పేరున్న ప్రభుత్వ కాగితం అదొక్కటే.

రైతు భరోసా మీకు ఎందుకు రాదో కూడా చెబుతాను, ఎందుకంటే చాలామంది ఏఈఓను తిడతారు, అది న్యాయం కాదు. 2017 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా మేము ఊరూరా తిరిగి భూ రికార్డుల ప్రక్షాళన చేశాం. ఆ రికార్డుల మీదనే కొత్త పాసుబుక్కులు, ఆ పాసుబుక్కుల మీదనే రైతుబంధు. 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర శాలపల్లిలో మొదలైంది, అప్పుడు ఎకరానికి సీజనుకు 4 వేలు, చెక్కులు ఇచ్చాం. తర్వాత 5 వేలైంది, ఈ ఏడాది జనవరి నుంచి రైతు భరోసా పేరుతో 6 వేలైంది. ఎంత పెరిగినా పైసలు పోయే దారి మాత్రం పాసుబుక్కు నంబరే. సాగుదారు పేరు దూరడానికి అందులో తావు లేదు. 2022 మే 6న మన ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో కాంగ్రెస్ వాళ్లు ప్రకటించిన రైతు డిక్లరేషన్‌లో కౌలు రైతులకు కూడా ఎకరానికి 15 వేలు అన్నారు. నేను ఆ పొద్దు అక్కడే ఉన్నాను. అది కావాలంటే ముందు కౌలుదారు ఎవరో రాసిపెట్టే పుస్తకం ఒకటి ఉండాలి. అదే లేదు. 2022లో రైతు స్వరాజ్య వేదిక వాళ్లు చేసిన సర్వేలో సాగు చేసేవాళ్లలో దాదాపు 36 శాతం మంది కౌలుదారులే అని తేలింది. నేను పనిచేసిన ఊళ్లలో అంతకు తక్కువ ఎక్కడా చూడలేదు.

కాబట్టి పంట నష్టం జాబితాలో పేరు రాయించుకోవడం మీకు 30 వేల సంగతి మాత్రమే కాదు. దాన్ని వదులుకోవద్దు.

---

ఉప్పల్_నుంచి
2025 నవంబరు 4, మధ్యాహ్నం 1:15

అక్కా, నేను అవతలి పక్క మనిషిని. మా బాపు పేరు మీద పరకాల దగ్గర నాలుగెకరాలు ఉన్నయ్, కౌలుకిచ్చినం. నేను, తమ్ముడు ఇక్కడ ఉద్యోగాలు చేస్తున్నం. మా బాపుకు పింఛను లేదు. ఆ కౌలు, ఆ రైతు భరోసా పైసలతోటే మందులు, కరెంటు బిల్లు నడుస్తయ్. మీ సారుకు టీచరు పింఛను వస్తుండవచ్చు, కాని పట్టాదార్లందరు ఒక్క తీరు ఉండరని చెప్తున్న.

మా దగ్గర చేసే ఆయన 2018ల రైతుబంధు వచ్చిన కొత్తల "పటేలా, అందుల సగం నాకు రావాలె" అని బాపును అడిగిండు. బాపుకు కోపం వచ్చింది. సర్కారు నా పేరు మీద ఇచ్చింది నీకెందుకు ఇయ్యాలె అన్నడు. నెల రోజులు మాటల్లేవు. మా అవ్వ మధ్యల పడ్డది. ఆ పైసల పేరెత్తకు, కౌలు తగ్గించు, పెట్టుబడి పెరిగిందని అడుగుతున్నడు కద అన్నది. దానికి బాపు ఒప్పుకున్నడు, ఎకరానికి మూడు వేలు తగ్గించిండు. ఆయన చేతికి చివరికి వచ్చింది ఇంచుమించు అదే పైకం. కాని కౌలు అంటే ఇద్దరు మాట్లాడుకునే సంగతి, రైతు భరోసా అంటే హక్కు సంగతి. హక్కు దగ్గర ఎవ్వరు తగ్గరు.

మీరు కూడ ఫోన్ల మాట్లాడకండి. ఇంటికి పోండి. అమ్మగారు ఉంటే ఆమె ముందలనే మాట్లాడండి.

---

చెల్క_పత్తి
2025 నవంబరు 4, రాత్రి 8:05

అందరికీ దండాలు. పొద్దటి నుంచి పనిల పడి చూడలేదు.

నర్సంపేట అన్నా, కాగితం మీరు చెప్పినట్టే రాసుకున్న, పెద్ద బిడ్డ రాసింది, తప్పులు లేకుంట. సాక్షులుగ ఎవరైతే మంచిది, ఊరోళ్లా, హనుమకొండల ఆయన దిక్కు వాళ్లా?

పాత పహాణి సారూ, మీరు ఆ 38-ఇ సంగతి చెప్పినంక నాకు సారు మీద ఉన్న కోపం సగం పోయింది. వాళ్ల నాయన జమానల వాళ్ల భూమి కొంత అట్లనే పోయిందని ఊళ్లె పెద్దలు అంటుంటే ఇన్న. ఆయన నన్ను చూసి భయపడుతలేడు, దాన్ని తలుచుకొని భయపడుతున్నడు.

---

నర్సంపేట_మిర్చి
2025 నవంబరు 4, రాత్రి 8:30

ఒకరు ఊరోళ్లు, పక్క చేనోళ్లయితే ఇంకా మంచిది, నువ్వే చేస్తున్నవని చెప్పగలరు. ఇంకొకరు ఆయనకు నమ్మకం ఉన్న మనిషి.

---

చెల్క_పత్తి
2025 నవంబరు 15, సాయంత్రం 6:20

ఏమైందో చెప్పాలె కదా, అందుకే రాస్తున్న. ఎవరికన్న పనికొస్తది.

కాగితం ఆలస్యమైతదని ఏఈఓ మేడమ్‌కు ఫోన్ చేసి చెప్పుకుంటే 10 తారీఖు దాకా ఆగుతనన్నరు. 9న, ఆదివారం, పొద్దుగాల బస్సుకు హనుమకొండ పోయిన. పక్క చేను కాకను వెంట తీసుకపోయిన. ఉత్త చేతులతోటి పోలేదు, ఒక కవర్ల మురిగిన కాయలు ఇరవై వేసుకొని పోయిన. సారు వాటిని టేబుల్ మీద పెట్టుకొని ఒక్కొక్కటి ఒలిచి చూసిండు. ఆయన కూడ చిన్నప్పుడు పత్తి ఏరిన మనిషే. "ఇన్ని మొలకలా" అన్నడు. ఇగ నేను పెద్దగ చెప్పే పని పడలేదు.

2011 చట్టం సంగతి చెప్పిన. ఆయన నమ్మలేదు. కొడుకుకు ఫోన్ చేసి చూడమన్నడు. కొడుకు చూసి, ఆమె చెప్పింది కరెక్టే నాన్నా అన్నడు. సారు కాగితం రెండుసార్లు చదివి, "ఈ ఏడు" అన్న దగ్గర "2025 వానాకాలం మాత్రమే" అని తన చేతితోటి రాసి సంతకం పెట్టిండు. పత్తి అమ్ముకునే ముక్కకు అభ్యంతరం చెప్పలేదు. ఒక సాక్షి కాక, ఇంకొకరు వాళ్ల పక్కింటి సారు.

కౌలు మాట అమ్మగారే ఎత్తింది. నేను మిత్తి లెక్క చెప్తుంటే మధ్యల అందుకొని, వచ్చే ఉగాది నుంచి పన్నెండు చేద్దాం అన్నది సారుతోటి. ఆయన సరే అన్నడు. రైతు భరోసా పేరు ఎవ్వరం ఎత్తలేదు. ఉప్పల్ చెల్లె చెప్పినట్టే అయింది. మూడెకరాలకు తొమ్మిది వేలు తగ్గుతయ్. నాకు రావాల్సింది అంతకంటె ఎక్కువని నాకు ఇప్పటికీ అనిపిస్తది, అది దాచుకోను. సారుతోటి తెగేది కాదు అది. ఆ పైసలు ఎటు పోవాలో రాసేటోళ్లు ఒక్కపొద్దు చేన్లకు వచ్చి ఎవరు దున్నుతున్నరో చూస్తే తెగుతది.

సోమవారం పొద్దున కాగితం మేడమ్‌కు ఇచ్చిన. నిన్న పంచాయతీ ఆఫీసుల లిస్టు అంటించిండ్రు. సర్వే నంబరు, పట్టాదారు సారు పేరు, దాని పక్కన సాగుదారు అని నా పేరు. రెండెకరాల పది గుంటలకే రాసిండ్రు. మిగతా ముప్పై గుంటలు మిట్టకు ఉన్నది, అక్కడ నష్టం 33 శాతం లోపలే అన్నరు. అది నిజమే, అక్కడ పత్తి మంచిగనే ఉన్నది. నా సొంత చెల్కది వేరే వరుసల వచ్చింది.

ఫొటో తీసుకొని ఇంటికొచ్చి బ్యాంకు పుస్తకం పక్కన పెట్టి చూస్తే కౌలు భూమి వరుసల ఖాతా నంబరు చివర 3 ఉండాల్సిన కాడ 8 పడ్డది. మేడమ్‌కు ఫోన్ చేసిన, సోమవారం రైతు వేదిక దగ్గర ఉంటరట. పుస్తకం తీసుకొని పోత.